పెదనాన్న గుర్తుపెట్టిన రాణి ఈగ

మా పెదనాన్న బట్టల మీద ఈగ వాలనివ్వడు. మా వీధిలో ఎవరిని అడిగినా ఆయన గురించి ముందు ఈ మాటే చెబుతారు. ఉతికిన దుప్పటి బుట్టలోంచి దండెం మీదికి, దండెం మీంచి ఇస్త్రీ బల్ల మీదికి, అక్కణ్ణించి అలమరలోకి వెళ్ళేదాకా ఆయన కళ్ళు దాని వెంటే నడుస్తాయి. అలాంటి మనిషి తన లాండ్రీ డాబా మీద వేలకొద్దీ ఈగల్ని పెట్టెల్లో పెట్టి పెంచుతున్నాడంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. పాతవాళ్ళు నమ్మి, మా పెద్దమ్మ వైపు జాలిగా చూస్తారు.

"అవి ఈగలు కావే, తేనెటీగలు" అంటాడు పెదనాన్న.

"వాలాక ఏదైతేనేం? మచ్చ మచ్చే" అంటుంది పెద్దమ్మ.

మచ్చ సంగతి నిజం. తేనెటీగ తన పెట్టెలో మురికి చెయ్యదు. బయటికి ఎగిరాకే చేస్తుంది. ఎండ కాసే పొద్దుల్లో తెల్ల దుప్పట్ల మీద ఆవగింజంత పసుపు చుక్కలు పడతాయి. పెద్దమ్మ వాటిని వెతికి, సబ్బుముక్కతో రుద్ది, రుద్దుతున్నంతసేపూ పెట్టెల్లోని రాణి ఈగని తిడుతుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు 'సవతి'. "ఇవాళ మీ రెండో ఆవిడ నాకెంత పని పెట్టిందో చూశారా?" అని దుప్పటి తెచ్చి పెదనాన్న ముక్కు కింద పెడుతుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మచ్చని చూసి, "మంచి పుప్పొడి దొరుకుతోందన్నమాట" అంటాడు. ఆమె తల పట్టుకుంటుంది.

నాన్నకి జబ్బు చేసిన ఏడాది నా చదువు ఆగిపోయింది. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందనీ, లాండ్రీలో ఒక చెయ్యి పెరుగుతుందనీ నన్ను పెదనాన్న దగ్గరికి పంపారు. నోట్లో నాలుక లేని పిల్లనని అమ్మ ముందే చెప్పి పంపింది. పెదనాన్న ఆ మాట విని, "బట్టలతో మాట్లాడక్కర్లేదులే, హాయి" అన్నాడు. ఆ పూటే నా బట్టలన్నిటికీ కాలరు వెనక గుర్తు పెట్టాడు.

ఈ గుర్తుల గురించి చెప్పకపోతే మా పెదనాన్న గురించి ఏమీ చెప్పనట్టే. లాండ్రీకి బట్టలు వేసే ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. చెరగని నీలి సిరాలో పుల్ల ముంచి, కాలరు లోపలో నడుం పట్టీ లోపలో ఆయన దాన్ని పెడతాడు. ఆయనకి పేర్లు గుర్తుండవు, ముఖాలు అసలే గుర్తుండవు. మనుషులంతా ఆయనకి మూడు చుక్కల మేడమ్, కొక్కెం మాస్టారు, నిచ్చెన ఆయన. కొక్కెం మాస్టారు ఒకసారి మీసం తీసేసి వస్తే, ఎవరో కొత్తవాడనుకుని ధరల పట్టీ చూపించాడు. బల్ల మీద పెట్టిన చొక్కా కాలరు తిప్పి చూశాక నాలిక్కరుచుకుని, "అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందండీ?" అని అడిగాడు.

మా ఇంటి గుర్తు నెలవంక. నా బట్టలకి నెలవంక కింద ఒక చుక్క చేర్చాడు. అప్పణ్ణించి నా పేరు చుక్క అయిపోయింది.

ఇన్నేళ్ళలో పెదనాన్న చేతిలో ఒక్క బట్ట పోలేదు. మేజోడు కూడా పోలేదు. ఎవరూ వచ్చి తీసుకోని బట్టలకి సున్నా గుర్తున్న చీటీ గుచ్చి, పై అరలో పెడతాడు. అక్కడ ఒక కోటు ఉంది, ఒక శాలువా ఉంది, ఒక పసిపిల్ల గౌను ఉంది. అప్పుడప్పుడూ వాటిని దింపి, ఎండలో వేసి, మళ్ళీ మడతపెడతాడు.

"ఆ గౌను పిల్లకి ఈపాటికి పిల్లలు పుట్టుంటారు" అని పెద్దమ్మ గుర్తు చేస్తుంది.

"పుడితే మంచిదే. వాళ్ళకి సరిపోతుంది" అంటాడాయన.

తేనెటీగలు కూడా ఆయన దగ్గరికి అలాగే వచ్చాయి. నేను రాకముందు ఒక పొద్దున వెనక కిటికీలోంచి ఒక గుంపు వచ్చి, హోటలు దుప్పట్ల బుట్ట అంచుకి గుమ్మడికాయంత వేలాడింది. పెద్దమ్మ వీధిలోకి పరుగెత్తింది. పెదనాన్న మాత్రం అటూ ఇటూ చూసి, ఎవరైనా వెనక వస్తున్నారేమోనని కాసేపు ఎదురుచూశాడట. పళ్ళతోటలో పనిచేసే నిచ్చెన ఆయన ఒక చెక్కపెట్టె తెచ్చి గుంపుని అందులోకి దులిపాడు. పెట్టె మీద పెదనాన్న నీలి సిరాతో సున్నా గీశాడు. "ఎవరో పెంచుకున్నవే అయ్యుంటాయి. అడగడానికి వస్తారు" అన్నాడు. ఎవరూ రాలేదు. వాటికి మరో రెండు పెట్టెలు తోడయ్యాయి. మూడింటి మీదా సున్నాలే.

మేముండే మేడ రెండు గీతల ఆయనది. కింద లాండ్రీ, లాండ్రీ వెనక గదిలో మేము, పై అంతస్తులో ఆయన. డాబా మీద మా దండేలు, నీళ్ళ ట్యాంకు, ట్యాంకు నీడలో తేనెపెట్టెలు. ఆయన చెడ్డవాడు కాడు. సీసా నిండా తేనె పంపితే ఖాళీ సీసా కడిగి పంపిస్తాడు. అయితే కిందటేడు పెద్ద పెట్టెలోంచి ఒక గుంపు లేచి, మెట్ల కింద ఆగి ఉన్న ఆయన స్కూటరు హ్యాండిలుకి పట్టుకుంది. సరిగ్గా ఆయన కొత్త చొక్కా వేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్న పొద్దున. ఆయన బయటికీ పోలేక లోపలికీ పోలేక మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. నిచ్చెన ఆయన వచ్చేలోపే గుంపు మళ్ళీ లేచి, ఇళ్ళ కప్పుల మీదుగా ఎటో వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన లాండ్రీలోకి వచ్చి నిదానంగానే చెప్పాడు. ఇంకొక్కసారి ఇవి వీధిలోకి దిగితే పెట్టెలన్నీ దింపెయ్యాలని. "అసలు ఎవరివయ్యా ఇవి?" అని అడిగాడు.

"తెలీదండీ. ఎవరూ రాలేదు" అన్నాడు పెదనాన్న.

"ఎవరివో తెలీనివాటికి నా డాబా ఎందుకయ్యా మరి?"

పెదనాన్న దిగులు డాబా గురించి కాదు. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, "పోయిందే" అన్నాడు పెద్దమ్మతో. ఆ మాట ఆయన నోట రావడం నేను మొదటిసారి విన్నాను. ఎవరో నమ్మి ఇచ్చిన బట్టని పోగొట్టుకున్న మనిషిలా ఉన్నాడు. పెద్దమ్మ కూడా ఆ పూట సవతి ఊసు ఎత్తలేదు. ఆయన కంచంలో మజ్జిగ పోసింది.

అందుకే ఈ ఏడు పూలు మొదలైన నాటి నుంచీ పెదనాన్న ఒక కన్ను దుకాణం మీదా, ఒక కన్ను డాబా మీదా పెట్టాడు. గుంపు ఎందుకు లేస్తుందో నాకు ఆయనే చెప్పాడు. పూలు బాగా పూస్తే రాణి గుడ్లు బాగా పెడుతుంది. పిల్లలు పెరుగుతాయి, తేనె పెరుగుతుంది, పెట్టె ఇరుకవుతుంది. ఇరుకైన పెట్టెలో పని ఈగలు కొత్త రాణి కోసం గూళ్ళు కడతాయి. మామూలు గదుల్లా కాకుండా, తేనెపట్టు అంచున వేరుశెనగకాయ వేలాడినట్టు ఉంటాయి అవి. ఆ గూడు మూత పడిందంటే, పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. "ఇరుకైతేనే మనసు విరుగుతుందే చుక్కా. చోటిస్తే ఎందుకు పోతాయి?" అనేవాడు.

చోటివ్వడానికి చెయ్యగలిగిందంతా చేశాడు. పెట్టెల మీద ఇంకో అర ఎక్కించాడు. నల్లబడ్డ పాత పట్లు తీసి పట్టు కట్టుకునే ఖాళీ చెక్క చట్రాలు దించాడు. ఎండ ముదిరితే తడి తువ్వాలు పిండి మూత మీద కప్పేవాడు. దుకాణం సెలవు రోజున ఇద్దరం డాబా ఎక్కేవాళ్ళం. నేను చిరిగిన తువ్వాలు ముక్కలు కాల్చి ఈగలు నెమ్మదించేలా పొగడబ్బా నొక్కుతుంటే, ఆయన ఒక్కొక్క చట్రమే ఎత్తి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ ముక్కు మీదికి లాగి, రాణి గూళ్ళు ఎక్కడున్నా గోటితో తీసేసేవాడు. రెండు పెట్టెలు మాట విన్నాయి. కిందటేడు లేచిన పెద్ద పెట్టె మాత్రం వినలేదు. ఈ వారం తీస్తే పై వారానికి మళ్ళీ కట్టేవి. గూళ్ళు తీసుకుంటూ కూర్చుంటే ఎప్పుడో ఒకటి కంటపడకుండా పోతుందనీ, గుంపుని మనమే విడదీయడం మేలనీ నిచ్చెన ఆయన చెప్పాడు. పాత రాణిని కొన్ని ఈగలతో కొత్త పెట్టెలోకి మారిస్తే, గుంపు లేచి వెళ్ళిపోయినట్టే ఈగలు అనుకుంటాయట. అయితే అన్ని వేల ఈగల్లో రాణి దొరకాలిగా. దాని వీపు మీద రంగు చుక్క పెట్టుకుంటే సులువన్నాడు.

"గుర్తు పెట్టడమా? అది నాకు చెప్తున్నావా?" అని పెదనాన్న పొంగిపోయాడు.

లాండ్రీ సిరాబుడ్డీ, పుల్లా డాబా మీదికి తెచ్చాడు. నేను చూపించిన రాణిని పట్టు మీదే పలచని గుడ్డ కింద అదిమి, కాలరు మీద పెట్టినట్టే పుల్ల నిండా సిరా ముంచి, వీపు మీద అద్ది, ఉఫ్ అని ఊదాడు. గుడ్డయితే సిరాని తాగేస్తుంది. ఈగ తాగదు. సిరా కొంత జారింది, కొంత చిమ్మింది. గుడ్డ తీయగానే చుట్టూ ఉన్న ఈగలు రాణి మీద మూగి నాకడం మొదలుపెట్టాయి. "ముద్దు చేస్తున్నాయి చూడు" అని మురిసిపోయాడు పెదనాన్న. నేనూ అదే అనుకున్నాను. మూత పెట్టేశాం.

తర్వాతి సెలవు రోజుకి పెట్టె నిండా గూళ్ళు వేలాడాయి. కొన్నిటికి మూతలు కూడా పడ్డాయి. ఇక ఆగకూడదని పెదనాన్న ఆ సెలవు రోజే కొత్త పెట్టె తెచ్చి ట్యాంకుకి అవతలి వైపు పెట్టాడు. పాత పెట్టె తెరిచి మూడో చట్రం ఎత్తాడో లేదో, నీలి చుక్క కనబడింది. "ఇదిగో దొరికింది" అన్నాడు. ఇంకేమీ చూడలేదు. కాలరు తిప్పి గుర్తు చూశాక చొక్కా ముందు వైపు చూడడం ఆయనకి అలవాటు లేదు. ఆ చట్రాన్నీ, పక్కదాన్నీ ఈగలతో సహా కొత్త పెట్టెలోకి దించాడు. పాత పెట్టెలో కొత్త రాణి కోసం ఒక్క గూడు ఉంచి మిగతావన్నీ తీసేశాడు. దిగి వస్తూ రెండు గీతల ఆయన తలుపు కొట్టి మరీ చెప్పాడు, ఈ ఏడు ఎక్కడికీ పోవని. ఆయన సంతోషించి, "మాట మీద నిలబడు మరి" అన్నాడు.

ఆ మరుసటి పొద్దున ఎండ బాగా కాసింది. నేను డాబా మీద హోటలు దుప్పట్లు ఆరవేస్తున్నాను. దుప్పటి దులిపేటప్పుడల్లా పెట్టెల వైపు చూడడం నాకు అలవాటయింది. పాత పెట్టె గుమ్మం దగ్గర ఈగలు గడ్డంలా వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒక ఈగ తోటల వైపు నుంచి వచ్చి వాలింది. దాని వీపు మీద నీలి చుక్క ఉంది.

రాణి పాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసిందా అనుకుని దగ్గరికి వెళ్ళాను. వెనక కాళ్ళకి రెండు పసుపు ముద్దలు అంటుకుని ఉన్నాయి. పుప్పొడి. అది తోసుకుంటూ, కూరగాయల సంచి మోసుకొచ్చిన మనిషిలా లోపలికి పోయింది.

రాణి పుప్పొడి తేదు. రాణి ఏమీ తేదు. గుడ్లు పెట్టడమే దాని పని. అంటే ఆ సిరా చిందింది ఒక పని ఈగ మీద. రాణి వీపు మీద ఉన్నదాన్ని ఆరకముందే మిగతావి నాకేశాయి. పెదనాన్న కొత్త పెట్టెలోకి మార్చింది ఆ పని ఈగనే. ఎగరడం నేర్చిన ఈగ కదా, తెలిసిన చోటికే తిరిగొచ్చింది. పాత రాణి ఇంకా పాత పెట్టెలోనే ఉంది, మూత పడ్డ గూడు పక్కనే.

నేను మెట్లు దిగాను. లాండ్రీలో పెదనాన్న దిండు గలేబు ఇస్త్రీ చేస్తున్నాడు. పెద్దమ్మ వెనక గది గుమ్మంలో టీ వడకడుతోంది. బల్లకి ఇవతల రెండు గీతల ఆయన చొక్కాల కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన ముందు చెప్పాలా, ఆయన వెళ్ళాక చెప్పాలా అని బుట్ట పట్టుకుని నిలబడ్డాను. పెదనాన్న నా ముఖం చూసి, "ఏమైందే?" అన్నాడు.

"నీలి చుక్క ఈగ పాత పెట్టెలోకి పోయింది పెదనాన్నా."

"రాణి తిరిగొచ్చేసిందా?"

"కాళ్ళకి పుప్పొడి ఉంది."

పెదనాన్న చెయ్యి ఆగిపోయింది. నా జన్మలో మొదటిసారి ఆయన ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడిన వాసన వచ్చింది. పెద్దమ్మ ఒక్క అంగలో వచ్చి ఆయన చేతిలోంచి ఇస్త్రీ పెట్టె లాగి నిలబెట్టింది. గలేబు మీద గోధుమరంగు మచ్చ పడింది. ఆయన దాని వైపు చూడనే లేదు.

"రాణులు పనికి పోతాయా ఏమిటి?" అంది పెద్దమ్మ, ఏమీ అర్థం కాక.

"పోవు" అని పెదనాన్న మెట్ల వైపు నడిచాడు. ఆయన వెనక నేను. మా ఇద్దరి వెనక ఎందుకో పెద్దమ్మ కూడా. కిందటేడు గొడవ తర్వాత ఆమె డాబా ఎక్కడం అదే మొదలు. ఆమె వెనక మెట్ల మీద రెండు గీతల ఆయన చెప్పుల చప్పుడు వినబడింది.

డాబా తలుపు తీసేసరికే మోత మారిపోయింది. బస్తా చిరిగి గింజలు కారినట్టు పాత పెట్టె గుమ్మంలోంచి ఈగలు బయటికి పొర్లుతున్నాయి. కొన్ని దుప్పట్ల మీద వాలుతున్నాయి, కొన్ని దండేల మధ్య గుండ్రంగా తిరుగుతున్నాయి. తల పైన ఆకాశం గీతలు గీతలుగా ఉంది.

పెదనాన్న పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రాణి బయటికి రాకుండా గుంపు ఎటూ పోదని ఆయనకి తెలుసు. గుమ్మం దగ్గర దాన్ని పట్టుకుంటే చాలు. ఆయన కళ్ళజోడు పైకి తోశాడు, కిందికి లాగాడు. గుమ్మంలోంచి వస్తున్న ఏ ఈగ వీపు మీదా గుర్తు లేదు.

"గుర్తు లేకపోతే నాకు తెలీదే చుక్కా" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది. "నువ్వు చూడవే."

నేను పక్కన కూర్చున్నాను. ఈగలు నా చేతుల మీదా, జుట్టు మీదా వాలుతున్నాయి. లేచే గుంపు కుట్టదని ఆయనే చెప్పాడు. వారం వారం పొగడబ్బా పట్టుకుని నిలబడినప్పుడు నేను రాణినే చూసేదాన్ని, దానికి గుర్తు లేని రోజుల్లో. పొడుగు చొక్కా మీద పొట్టి కోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. రెక్కలు నడుం దాకే వస్తాయి. మిగతావాటిలా తోసుకోదు. మిగతావే పక్కకి తప్పుకుంటాయి.

ఆ పొర్లేవాటి మధ్య ఒక చోట కొంచెం ఖాళీ కనబడింది. ఆ ఖాళీలో పొడుగ్గా, ఎర్రగా, తొందర లేకుండా ఒక ఈగ నడిచి వచ్చి, గుమ్మం చెక్క చివర ఆగింది. వేలు చూపించాను.

నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి, టీ వడకట్టే జాలీని దాని మీద టప్పున బోర్లించింది. పెద్దమ్మ కింద నుంచి జాలీని చేత్తోనే పట్టుకొచ్చేసిందన్న సంగతి మా ఎవరికీ తెలీదు, ఆమెతో సహా. తడి టీ పొడి ఇంకా దానికి అంటుకునే ఉంది.

"దొరికావే" అంది పెద్దమ్మ, రొప్పుతూ. ఆ తర్వాత జాలీలోకి వంగి చూసి, "ఇంతేనా ఇది? దీనికోసమా ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను?" అంది.

ఆ తర్వాతి పనులు పెదనాన్న చేతులు వాటంతట అవే చేశాయి. పాత పెట్టెని ఎత్తి ట్యాంకు అవతలికి మార్చాడు. నిన్నటి కొత్త పెట్టెని తెచ్చి, అందులో రాణి గూళ్ళేమీ లేవని చూసుకుని, పాత పెట్టె ఉన్న చోటే పెట్టాడు. తేనెటీగకి పెట్టె గుర్తుండదు, చోటు గుర్తుంటుంది. పెద్దమ్మ జాలీ కింద అట్టముక్క తోసి, రాణిని కొత్త పెట్టె చట్రాల మీదికి వదిలింది.

మేం గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాం. గుంపు డాబా మీద తిరిగింది. ఒకసారి పిట్టగోడ దాటి వీధి వైపు వంగింది. పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. రాణి లేదని తెలిసిందేమో, మళ్ళీ వెనక్కి వచ్చింది. దుప్పట్ల మీదివి లేచాయి. ఒక్కొక్కటే, తర్వాత పదులుగా, తర్వాత లెక్క లేకుండా తమకి తెలిసిన చోటికి దిగి, కొత్త పెట్టె గుమ్మం దగ్గర తోకలు ఎత్తి రెక్కలు ఆడిస్తూ మిగతావాటిని పిలవడం మొదలుపెట్టాయి. పెదనాన్న కళ్ళు తెరిచి అది చూసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. వలస వచ్చేశామనే అవి అనుకున్నాయి. వచ్చింది మాత్రం పాత చోటుకే.

ఆకాశం ఖాళీ అయ్యాక మాకు రెండు గీతల ఆయన గుర్తొచ్చాడు. డాబా తలుపు రెక్క వెనక నిలబడి, ఒక కంటితో చూస్తున్నాడు. మెల్లగా బయటికి వచ్చాడు.

"ఏమయ్యా, లేచాయా లేదా?"

పెద్దమ్మ పెదనాన్న మోచేతిని గట్టిగా గిల్లింది. అయినా ఆయన, "లేచాయండి" అన్నాడు.

రెండు గీతల ఆయన పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశాడు. మెట్ల పక్కన ఆయన స్కూటరు ఎప్పటిలాగే ఉంది. హ్యాండిలు మెరుస్తోంది. వీధిలో ఎవరూ తల ఎత్తి చూడడం లేదు. ఆయన వెనక్కి తిరిగి, "వీధిలోకయితే దిగలేదు" అన్నాడు, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "దిగితే కదా నా మాట. కానీ కిందటేడు అడిగినదానికి ఇంకా జవాబు లేదు. ఎవరివయ్యా ఇవి?"

పెదనాన్న నోరు తెరిచాడు. ఏమంటాడో మాకు తెలుసు. తెలీదండీ, ఎవరూ రాలేదు అంటాడు. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు. తనది కానిదాన్ని తనదనడం అసలే రాదు.

"మావేనండి" అంది పెద్దమ్మ.

పెదనాన్న ఆమె వైపు తిరిగి చూశాడు.

"ఇంకెవరివి?" అందామె, ఆయన వైపు చూడకుండా రెండు గీతల ఆయనతో. "తిండి పెట్టేది మేము, ఎండకి తడిగుడ్డ కప్పేది మేము, వాటి మచ్చలు ఉతికేది నేను. పోతే అన్నం మానేసేది ఈయన. వేరేవాళ్ళవి ఎలా అవుతాయి?"

రెండు గీతల ఆయన, "ఆ ముక్క కిందటేడే చెప్పుంటే పోయేది కదమ్మా" అన్నాడు. "ఎవరివో అంటే నాకు భయం వెయ్యదూ? రేపు ఎవరినైనా కుడితే ఎవరిని పట్టుకోవాలి? మీవైతే మిమ్మల్ని పట్టుకుంటాను."

"పట్టుకోండి" అంది పెద్దమ్మ.

ఆయన తల ఊపి మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. తన చొక్కాలు ఇస్త్రీ అయ్యాయా అని అడిగాడు. అయ్యాయని చెప్పాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. ఆయన కూడా కొంచెం ఆశ్చర్యపోయాడు.

ఆ పూట హోటలు దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికాం. ఒక్కటీ మిగల్లేదు, అన్నిటి నిండా పసుపు చుక్కలే. పెద్దమ్మ ఎప్పటిలాగే రుద్దుతూ తిట్టింది. ఈసారి తిట్లు పెదనాన్నకి. తగుదునమ్మా అని బయల్దేరి రాణి నెత్తిన సిరా గుమ్మరించారట, పాపం అది ఎంత చిరాకు పడిందోనట. మాడిన గలేబుకి పెదనాన్న కొత్తది కొనిచ్చాడు. మాడినదాన్ని ఉతికి, మడిచి, పై అరలో కాకుండా మా గదిలో పెట్టుకున్నాడు. పెద్దమ్మ ఇప్పుడు దాని మీదే పడుకుంటుంది.

సాయంత్రం ఆమె సిరాబుడ్డీ తీసుకుని డాబా ఎక్కింది. పెట్టెల మీది సున్నాలని తడిగుడ్డతో తుడవబోయింది. అవి పోలేదు. పెదనాన్న పెట్టిన గుర్తు ఎప్పుడు పోయింది కనక? సబ్బు పెట్టి రుద్దినా కదల్లేదు. చివరికి ప్రతి సున్నా పక్కనా ఒక నెలవంక గీసింది. అంత బాగా రాలేదు. ఒకటి అరటిపండులా ఉంది. పెదనాన్న పుల్ల అందుకుని సరిచెయ్యడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

రాణికి మళ్ళీ గుర్తు పెట్టలేదు. ఇప్పుడు ప్రతి సెలవు రోజునా ఆయన చట్రం ఎత్తి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, "చెప్పకు, చెప్పకు, నేనే చూస్తాను" అంటాడు. ఎక్కువసార్లు పోతుటీగని చూపించి ఇదే అంటాడు. అప్పుడు పెద్దమ్మ దండెం దగ్గర నుంచే, "నా సవతికి మీసాలు లేవండీ" అని అరుస్తుంది.

ఒకరోజు అలా వెతుకుతూనే పెదనాన్న అడిగాడు, "ఒకవేళ నిజంగా ఎవరైనా వచ్చి, ఆ ఈగలు మావి అంటే?"

పెద్దమ్మ దుప్పటి దులిపి దండెం మీద వేసింది. అంచులు సరిచేసింది. క్లిప్పు నోట్లోంచి తీసింది.

"రానీండి" అంది. "గుర్తు చూపిద్దాం."